సెంట్ల లెక్క: వేటపాలెం, చీరాల ప్రాంతంలో పల్లె ఇళ్ల స్థలాల చరిత్ర

మన చరిత్రకారులు భూమి గురించి రాస్తే ఎకరాల్లో రాస్తారు. శిస్తు, ఇనాము, కౌలు, సీలింగు అన్నీ ఎకరాల లెక్కలే. సెంట్లలో లెక్కకొచ్చే భూమి ఇంకొకటి ఉంది. దాని మీద పంట పండదు, శిస్తు రాదు, అందుకని దానికి చరిత్ర కూడా రాలేదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో పుట్టినవాళ్లకి భూమి అనగానే ముందు గుర్తొచ్చేది ఈ సెంట్లే. పొలం అడగాలంటే ముందు పొయ్యి పెట్టుకునే చోటు ఉండాలి గదా. ఇంటిచోటు ఆసామిదైతే కూలిరేటు పెంచమన్న రోజునే గుడిసె పీక్కోమంటాడు. పాలేరుతనానికి అప్పుపత్రం ఎంత బలమో ఇంటిచోటు కూడా అంతే బలం. ఈ సంగతి పల్లెలో ముసలమ్మలకి తెలిసినంతగా విశ్వవిద్యాలయాల్లో తెలియదు.

ఇంటిచోటు అన్నప్పుడు రెండు వేరువేరు సంగతులున్నాయి. ఒకటి పట్టా, అంటే కాగితం. రెండోది ఆ చోటుని మనిషి బతికే చోటుగా చెయ్యటం: మెరక తోలించటం, బండి తిరిగేటంత దారి వెయ్యటం, మంచినీళ్ల బావో బోరింగో వెయ్యటం, మురుగు కాలవ తీయటం, కరెంటు స్తంభం నాటటం. మొదటిదాన్ని ప్రభుత్వాలు సభ పెట్టి పంచాయి. రెండోదానికి డబ్బు పెట్టే దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టాయి. ఈ రెండోది లేనప్పుడు పట్టా చేతికొచ్చినా పల్లె నీళ్లకీ దారికీ ఊరి గుమ్మంలోనే నిలబడాలి. మేము ఇక్కడ చూడదల్చుకున్నది ఈ రెండో పద్దు చరిత్రనే. వేటపాలెం, చీరాల, కారంచేడు ప్రాంతం దీనికి తగిన చోటు. 1970 దాకా గుంటూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిన ప్రాంతం ఇది.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. వేటపాలెం ఇసుక నేల. సముద్రం దగ్గర. ఇసుకలో మనిషి లోతు తవ్వితే తియ్యని నీళ్లు ఊరతాయి. దాన్ని దొరువు అంటారు. లోతుకి పోతే మళ్లీ ఉప్పే. దొరువు ఉన్నచోట నీళ్లకి ఇబ్బంది తక్కువగానీ వానాకాలం అదే నీళ్లు నేలలోంచి ఉబికి వస్తాయి. గుంటమగ్గం నేసే ఇళ్లల్లో మగ్గం గుంటలోకే నీళ్లు చేరతాయి. కాబట్టి ఇక్కడ ఇంటిచోటుకి ముందు కావాల్సింది మెరక. కాస్త పడమరకి పోతే కారంచేడు, పర్చూరు వైపు నల్లరేగడి. అక్కడ బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. తాగేందుకు చెరువే దిక్కు. కాలవ నీళ్లతో నింపుకునే చెరువు. అక్కడ ఇంటిచోటుకి ముందు కావాల్సింది నీళ్లు, ఆ తర్వాత నల్లమట్టి బురదలో దారి. ఇంత చిన్న ప్రాంతంలోనే అవసరం ఇలా మారుతుంటే, ప్రభుత్వం పద్దు మాత్రం దేశమంతటికీ తలకి ఇంత అని ఒకటే.

పల్లె ఇంటిచోటు గురించి ప్రభుత్వం మొదటిసారి గట్టిగా కాగితం మీద పెట్టింది మద్రాసు రాష్ట్రంలోనే. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమన్‌హీర్ 1890ల మొదట్లో పరయల స్థితి మీద రాసిన నివేదికలో, వాళ్ల గుడిసెల చోటు కూడా మిరాసీదార్ల చేతుల్లో ఉందనీ, వెళ్లగొడతామనే బెదిరింపే వాళ్లని కట్టి ఉంచుతోందనీ చెప్పాడు. 1892లో కొంత బంజరు కేటాయించే ఉత్తర్వులొచ్చాయి. ఇంటిచోటు మీద చెయ్యి వెయ్యటానికి మాత్రం ప్రభుత్వం ఇంకా పాతికేళ్లు ఆగింది. 1919లో ప్రత్యేక అధికారిగా వేసిన పాడిసన్, ఆ తర్వాత 1920 నుంచి నడిచిన లేబర్ కమిషనర్ శాఖ, పంచములకి ఇళ్ల స్థలాలు కొనిపెట్టే పని మొదలుపెట్టాయి. భూస్వామి అమ్మనంటే 1894 భూసేకరణ చట్టం కింద తీసుకునేవాళ్లు. బావులు తవ్వించేవాళ్లు. అయితే స్థలం ఖరీదుని సహకార సంఘాల ద్వారా కిస్తీల మీద ఆ కూలీల దగ్గరే వసూలు చేసేవాళ్లు. అంటే తరాలుగా తాముంటున్న చోటునే డబ్బులిచ్చి కొనుక్కోవటం. ఆసామికేమో పూర్తి పరిహారం.

బావి విషయంలో ఇంకో మెలిక ఉంది. ప్రజల సొమ్ముతో తవ్విన ఊరిబావి అందరిదీ అని ప్రభుత్వం ఒప్పుకుంటూనే, ఆ హక్కుని అమలు చెయ్యటానికి పోలీసుల్ని పంపకుండా పల్లెకి వేరే బావి తవ్వించి చేతులు దులుపుకుంది. రూపా విశ్వనాథ్ 2014లో వచ్చిన తన పుస్తకంలో మద్రాసు ప్రభుత్వపు ఈ ధోరణిని వివరంగా చూపించారు. వేరే బావి వల్ల నీళ్లొచ్చాయి, కాదనం. దాంతోపాటు వెలివాడకి సర్కారీ ముద్ర కూడా పడింది. ఆ తర్వాత వచ్చిన హరిజనవాడ, హరిజన కాలనీ, ఎస్సీ కాలనీ అన్నీ ఆ బావి చుట్టూ పెరిగినవే.

ప్రభుత్వానికి కాలనీ వెయ్యటం చేతకాక వెయ్యలేదని ఎవరైనా అంటారేమో. వేటపాలెం నుంచి బాపట్ల వైపు రైలెక్కితే చీరాల దాటాక స్టూవర్టుపురం స్టేషనొస్తుంది. 1913-14 ప్రాంతంలో నేరస్త తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టిన సెటిల్‌మెంటు అది. గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. అక్కడ భూమి ఇచ్చారు, బడి పెట్టారు, ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేశారు. దాంతోపాటు హాజరు పిలిచారు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ పెట్టారు. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు వెళ్లారు. కాపలా కాయాలనుకున్న మనుషుల కోసమైతే ప్రభుత్వానికి స్థలమూ దొరికింది, సొమ్మూ దొరికింది.

ఇదే కాలంలో పక్కనే చీరాల-పేరాల ఉద్యమం జరిగింది. దీన్ని చదవని తెలుగు విద్యార్థి లేడు. చీరాల, పేరాల గ్రామాల్ని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన వేలమంది ఇళ్లు వదిలి ఊరిబయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలున్నారు. ఆ ఏడు ఏప్రిల్లో గాంధీ చీరాల వచ్చాడు. ఉద్యమకారుల వాదం ఏమిటంటే, మా ఊళ్లో నీళ్లకీ శుభ్రతకీ లోటు లేదు, మునిసిపాలిటీ మాకెందుకు అని. పెద్ద ప్రభుత్వాన్ని ఎదిరించిన ధైర్యాన్ని మేము తక్కువ చెయ్యం. కానీ ఒక్క ప్రశ్న అడక్క తప్పదు. లోటు లేనిది ఎవరి వీధికి? ఎవరి బావికి? వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం, పాత పత్రికలకి పెద్ద గని. అక్కడ కూచుని ఆనాటి రాతలు చదివేవాళ్లెవరైనా ఈ ప్రశ్న పక్కన పెట్టుకుని చదవాలని మా మనవి. ఇళ్లున్నవాళ్లు పాకల్లో 11 నెలలుంటే అది స్వాతంత్ర్యోద్యమ ఘట్టమైంది. పాకల్లోనే పుట్టి పాకల్లోనే పోయినవాళ్ల సంగతి ఏ ఘట్టంలోకీ రాలేదు.

ఈ మొత్తం వ్యవహారాన్ని జాతీయ స్థాయిలో బడ్జెట్ ప్రశ్నగా పెట్టింది అంబేద్కర్. 1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత నిమ్నజాతుల మహాసభ, దళితులకి హిందూ గ్రామాల నుంచి వేరుగా స్వతంత్ర గ్రామాలు కావాలని తీర్మానించింది. ఆ పని చెయ్యటానికి ఒక సెటిల్‌మెంటు కమిషన్ పెట్టాలనీ, దానికి భారత ప్రభుత్వం ఏటా కనీసం 5 కోట్ల రూపాయలివ్వాలనీ అడిగింది. 1947లో రాసిన రాజ్యాలు-అల్పసంఖ్యాకులు పత్రంలోనూ ఆయన ఈ డిమాండు వదల్లేదు. చాలామంది దీన్ని వేర్పాటు కల అని కొట్టిపారేశారు. ఆయన గ్రామాన్ని చూసిన తీరు తెలిస్తే అందులో కల ఏమీ లేదు. ఊరిని ఆనుకుని, ఊరి దయ మీద నీళ్లు తాగే పల్లెకి ఎన్ని హక్కులు రాసిచ్చినా అవి కాగితం మీదే ఉంటాయని ఆయనకి తెలుసు. సెంట్లు కాదు, దారీ నీళ్లూ పొలమూ ఉన్న ఊరే ఇవ్వమన్నాడు. రాజ్యాంగంలో ఆ కమిషన్‌కి చోటు దొరకలేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1957లో కేంద్రం గ్రామీణ గృహ నిర్మాణ పథకం తెచ్చింది. అది ప్రధానంగా అప్పుల పథకం. అప్పు పుట్టాలంటే చోటు మీద హక్కుండాలి, తిరిగి కట్టే తాహతుండాలి. పల్లెకి రెండూ లేవు. 1971 అక్టోబరులో మొదలైన ఇళ్ల స్థలాల పథకం కొంచెం నయం. గ్రామాల్లో భూమిలేని కూలీలకి 100 చదరపు గజాల చోటు ఉచితంగా ఇవ్వాలన్నారు. 1974లో దాన్ని కనీస అవసరాల కార్యక్రమంలో చేర్చి రాష్ట్రాలకి అప్పగించారు. 1975 ఎమర్జెన్సీలో ఇరవై సూత్రాల్లో ఒకటయింది. అప్పట్నించి పట్టాల పంపిణీకి వేదికలు, మైకులు, ఫోటోలు వచ్చాయి. మా ఇళ్లల్లో ట్రంకు పెట్టె అడుగున పాత చీర మడతల్లో దాచిన కాగితాలు చాలావరకు ఆ కాలం నుంచీ వచ్చినవే.

ఇక రెండో పద్దు సంగతి. ఆరో ప్రణాళిక (1980-85) లెక్కలో కుటుంబానికి 750 రూపాయలు. అందులో 250 స్థలం అభివృద్ధికి, 500 ఇంటి సామానుకి. ఆ 250లోనే చోటు చదును చెయ్యాలి, దారి వెయ్యాలి, కొన్ని కుటుంబాలకి కలిపి బావి తవ్వాలి. 40 గడపల కాలనీ అనుకుంటే మొత్తం 10,000 రూపాయలు. ఇసుక పర్రలో మెరక తోలటానికీ అదే, రేగడిలో రాతిదారి వెయ్యటానికీ అదే. బావికి మిగిలేది ఏముంటుంది? ఇంటి కట్టుబడికి కూలి ఉండదు, లబ్ధిదారులే శ్రమ పెట్టుకోవాలన్నారు. మనకి తెలిసిన భాషలో దాన్నేమంటారో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు ఇంత కొంచెమైనా భూమి తీసుకోవటం దగ్గర పెద్ద పోరే నడిచింది. పల్లెకి ఇంటిచోటు కోసం ఊరి పక్క పొలం సేకరిస్తామని నోటీసు పడగానే ఆసామి హైకోర్టుకి పోయేవాడు. వాదనలు ఎప్పుడూ అవే. అది మాగాణి, వేరేచోట బంజరు ఉంది, కలెక్టరు నెలల తరబడి కూచుని ఇప్పుడు అత్యవసరం అంటాడేమిటి, మా అభ్యంతరాలు వినలేదు. 1975లో కాసిరెడ్డి పాపయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి ఈ వాదనకి గట్టి సమాధానం చెప్పారు. హరిజనుల ఇళ్ల దుస్థితి ఎవరూ రుజువు చెయ్యనక్కర్లేని సంగతి, కోర్టు తనంతట తానే గుర్తించాల్సిన సంగతి అన్నారు. అధికారులు ఆలస్యం చేసినంత మాత్రాన అవసరం తీరిపోదు, అత్యవసరం పోదు అన్నారు. తర్వాత సుప్రీంకోర్టు కూడా ఈ తీర్పు దారినే పోయింది. మన లాయర్లు ఇప్పటికీ గుర్తుపెట్టుకోవాల్సిన తీర్పు ఇది. అయితే తీర్పు భూమి దాకా తీసుకొచ్చింది. దారీ నీళ్లూ కోర్టు పరిధిలోకి రాలేదు. కోర్టుల గొడవ పడలేక అధికారులు సులువు దారి పట్టారు. ఎవరూ అడ్డురాని పల్లపు నేల, చవిటి నేల, శ్మశానం పక్క నేల పల్లెకి కేటాయించటం మొదలైంది. అభివృద్ధి పద్దు అన్నిటికంటే ఎక్కువ కావాల్సింది సరిగ్గా ఈ నేలల్లోనే.

కారంచేడుని మేము ఈ పద్దులో పెట్టి చదువుతాం. 1985 జూలై 16న మాదిగలు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెల కుడితి బకెట్లు కడిగి ఆ మురికిని నీళ్లల్లోకి వదిలాడు. ఒక మాదిగ కుర్రవాడు అడ్డుచెప్పాడు. కొట్టబోతే ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు 17న కమ్మ భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. కులపొగరు, భూస్వామ్యం, రాజకీయ బలం అన్నీ కలిసి చేసిన హత్యాకాండ ఇది. దీనిమీద దళిత మేధావులు చాలా రాశారు. మేము చేర్చేది ఒక్కటే. అప్పటికి కనీస అవసరాల కార్యక్రమం పెట్టి పదకొండేళ్లు. అంత పెద్ద ఊళ్లో, కాలవ నీళ్లు పారే డెల్టా గ్రామంలో, ఆ పల్లెకి తన చేతిలో ఉన్న మంచినీటి వసతి లేదు. పల్లెలో కుళాయి ఉన్నంత మాత్రాన భూస్వామి చెయ్యి ఆగేదని మేము అనటం లేదు. వేరే సాకు దొరికేది. ఐతే రోజూ రెండుపూటలా ఆడవాళ్లు బిందెలతో అవమానం ముందుకి నడిచివెళ్లాల్సిన స్థితి ఆ పద్దులో మిగిలిన డబ్బుతోనే తయారైంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ప్రాణాలతో బయటపడినవాళ్లు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ప్రభుత్వం వాళ్లని తిరిగి కారంచేడు పంపాలని చూసింది. రక్షణ ఇస్తామన్నారు, పోలీసు పికెట్ పెడతామన్నారు. వాళ్లు పోమన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లు నడిపిన ఆ ఉద్యమంలోంచే 1985 సెప్టెంబరులో చీరాలలో దళిత మహాసభ పుట్టింది. చివరికి ప్రభుత్వం చీరాలలోనే వాళ్లకి చోటిచ్చి ఇళ్లు కట్టించింది. అదే విజయనగర్ కాలనీ. 1921లో ఇళ్లొదిలి బయటికి పోయినవాళ్లు కొన్నాళ్లకి తమ ఇళ్లకి తిరిగి వెళ్లారు. 1985లో వచ్చినవాళ్లు తిరిగి వెళ్లకపోవటమే తమ పోరాటమన్నారు. ఒకే ఊరి మట్టి మీద అరవై నాలుగేళ్ల తేడాతో జరిగిన రెండు వలసలివి. మొదటిదానికి పాఠ్యపుస్తకంలో పేజీలున్నాయి. కేసు 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసేదాకా రెండోదానికి ఇరవై మూడేళ్లు కోర్టు వరండాలే మిగిలాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మామూలు దరఖాస్తు మీద పల్లెకి 250 రూపాయల చోటు. ఆరుగురు చచ్చి, వందల మంది రోడ్డు మీదికొచ్చి, రాష్ట్రం మొత్తం కదిలితేగాని ఊరి పెత్తనం బయట ఒక కాలనీ రాలేదు. అంబేద్కర్ 1942లో బడ్జెట్ పద్దుగా అడిగినదాన్ని ప్రభుత్వం నష్టపరిహారంగా ఇచ్చింది.

1985-86లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. మొదట్లో దళితులకి, ఆదివాసులకి, వెట్టి నుంచి విడుదలైనవాళ్లకి ఉద్దేశించింది. 1996లో దాన్ని విడిగా నడపటం మొదలుపెట్టినప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి 20,000 రూపాయలన్నారు. అందులో 17,500 ఇంటికి, 2,500 దారి, నీళ్లు వంటి ఉమ్మడి వసతులకి. ఆరో ప్రణాళికలో మొత్తం సాయంలో మూడోవంతు ఉన్న వసతుల వాటా ఇక్కడికొచ్చేసరికి ఎనిమిదో వంతుకి పడింది. ఇళ్లన్నీ ఒకచోట గుంపుగా కట్టకపోతే ఆ 2,500 కూడా ఇంటికే వాడుకోవచ్చన్నారు. సిమెంటు ధర తెలిసిన ఏ కూలీ అయినా ఇంటికే వాడుకుంటాడు. తప్పు పట్టలేం. 2009లో చోటు లేనివాళ్లకి స్థలం కొనటానికి కుటుంబానికి 10,000 అన్నారు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో మైదానంలో ఇంటికి 1,20,000 రూపాయలు చేశారుగానీ, మరుగుదొడ్డి, కరెంటు, నీళ్లు మిగతా పథకాలతో కలుపుకోవాలన్నారు. కలుపుకోవటమంటే ఏమిటో కాలనీలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. స్థలం రెవెన్యూ శాఖది. ఇల్లు 1979లో పెట్టిన గృహనిర్మాణ సంస్థది. నీళ్లు గ్రామీణ నీటి సరఫరా శాఖవి. దారి పంచాయతీరాజ్ ఇంజనీర్లది. స్తంభం కరెంటు కంపెనీది. ఆ తర్వాత దీపం మారిస్తే పంచాయతీ, కాలవ తీస్తే పంచాయతీ. అయిదు ఆఫీసుల్లో ఏ ఒక్కటీ ఇది నివాసయోగ్యమని సంతకం పెట్టదు. పంచాయతీ దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఊరి దగ్గరికే వచ్చినట్టు. సర్పంచి పదవి రిజర్వు అయినా కాంట్రాక్టు ఎవరిదో అందరికీ తెలిసిందే.

ఇదే తీరప్రాంతంలో నేతపనివాళ్ల కోసం 1985-86లో ఇల్లూ మగ్గం షెడ్డూ కలిపి కట్టే పథకం వచ్చింది. మనిషి పనిచేసే తీరుని బట్టి ఇంటిచోటు ఉండాలని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం ఇది. అది న్యాయమే. కూలి మనిషికి కూడా గేదెని కట్టుకునే చోటు, కోళ్లగంప, మిరపకాయలు ఆరబోసుకునే జాగా ఉంటాయని మాత్రం ఏ పథకమూ అనుకోలేదు. అతనికి పడుకునే చోటు చాలనుకున్నారు.

2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం 30 లక్షలకి పైగా పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. పల్లెటూళ్లలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే 72.6 చదరపు గజాలు. 1971 నాటి 100 గజాలంటే రెండు సెంట్ల పైచిలుకు. యాభై ఏళ్లలో పేదవాడి చోటు పాతిక వంతుకి పైగా తగ్గింది. ఎంతమందికిచ్చారో చెప్పే అంకె మాత్రం పెరుగుతూ పోయింది. ఆ లే అవుట్లలో చాలావాటికి పల్లపు నేల, వాన పడితే మునక, దూరం అనే ఫిర్యాదులొచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అన్నారు. కొలత పెరిగితే మంచిదే. మెరకకీ దారికీ తలకి ఎంత అనే మాట మళ్లీ వేదిక మీద వినపడలేదు.

2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. పదేళ్ల గడువు అయిపోతే 2023లో మరో పదేళ్లు పొడిగించారు. దళితవాడల్లో వసతుల లోటు పూడ్చటం ఆ నిధుల ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి. అందరికీ ఇచ్చే పథకాల్లో దళితుల తలలు లెక్కపెట్టి ఆ ఖర్చునే ఉపప్రణాళికగా చూపించటం మామూలైపోయింది. అట్లా చూపించిన డబ్బుతో ఏ వీధిలోనూ కాలవ తవ్వినట్టు కనపడదు.

కాబట్టి ఈ చరిత్ర మీద పనిచేసే విద్యార్థులకి, కార్యకర్తలకి ఒక పని సూచిస్తున్నాం. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ పల్లె కాలనీకి సంబంధించి మూడు కాగితాలు అడగండి. మొదటిది స్థలం సేకరించినప్పటి అవార్డు. భూమి ఎవరిది, ఎంతకి కొన్నారు, పల్లమా మెరకా అన్నది అందులో తెలుస్తుంది. రెండోది లే అవుట్ ప్లాను. దారి ఎన్ని అడుగులని గీశారో, బావికీ బడికీ చోటు వదిలారో లేదో ఉంటుంది. మూడోది వసతుల పనుల ఎస్టిమేటు, దాని బిల్లు. ఈ మూడూ పట్టుకుని టేపుతో కాలనీలో నడవండి. ముసలివాళ్లని పక్కన పెట్టుకోండి, బావి ఏ ఏడు తవ్వారో, ఎవరు తవ్వారో, అంతకుముందు నీళ్లకి ఎక్కడికి పోయేవాళ్లో వాళ్లకి గుర్తుంటుంది. ప్లానులో ఇరవై అడుగులున్న దారి నేల మీద ఎన్ని అడుగులుందో రాసుకోండి. తగ్గిన అడుగులు ఏ పొలం గట్టులో కలిశాయో కూడా రాసుకోండి.